గడప బయట నుంచి చూసిన ఊళ్ళు

దీనికి యాత్ర అని పేరు పెట్టాలంటే కొంచెం సిగ్గుగానే ఉంది. కాశీ వెళ్ళొచ్చినవాళ్ళు రాస్తారు, అరుణాచలం చుట్టొచ్చినవాళ్ళు రాస్తారు. నేను వెళ్ళింది దువ్వాడ నుంచి తుని దాకా. మొక్కు లేదు, దర్శనం లేదు. మా అబ్బాయీ కోడలూ కాపురం ఉండటానికి ఒక ఊరు వెతుక్కుంటూ మూడు రోజులు తిరిగాను. అయినా బయలుదేరే ముందు సింహాద్రి అప్పన్నకి దణ్ణం పెట్టుకునే గుమ్మం దిగాను. తిరిగొచ్చాక ఆయన పటం ముందే కూర్చుని ఇది రాస్తున్నాను. రెండు ఉద్యోగాల మధ్య ఇల్లు వెతుక్కునేవాళ్ళు ఈ రోజుల్లో వీధికి ఇద్దరున్నారు. ఎవరికైనా పనికొస్తే నా తిరుగుడికి ఫలం దక్కినట్టే.

మాది విజయనగరం వైపు పల్లె. పెళ్ళయ్యాక గాజువాక వచ్చి ఇక్కడే స్థిరపడ్డాం. నేను బడికి వెళ్ళలేదు. మా అమ్మమ్మ చాటలో బియ్యం పరిచి, నా వేలు పట్టుకుని దిద్దించిన అక్షరాలే నాకున్న చదువు. మా అబ్బాయి అప్పలరాజు ఉక్కు కర్మాగారంలో క్రేను నడుపుతాడు. వారానికో షిఫ్టు మారుతుంది. సెలవు కూడా ఆదివారమే రావాలని లేదు. మా కోడలు సంధ్య టీచరు. ఏళ్ళ తరబడి పరీక్షలు రాసి రాసి తెచ్చుకున్న ఉద్యోగం. పోస్టింగు పాయకరావుపేట దాటాక ఒక పల్లెలో వచ్చింది. కొత్తవాళ్ళకి ఇప్పట్లో బదిలీ ఉండదట.

మాఘంలో పెళ్ళయింది. పోస్టింగు ఆర్డరు వచ్చింది వేసవిలో, బడి తెరిచేదాకా హాయిగా గడిచింది. జూన్‌లో బడి తెరిచాక మొదలైంది అసలు సంగతి. తెల్లవారకుండానే లేచి, ఆటోలో దువ్వాడ వెళ్ళి, రైలెక్కి తునిలో దిగి, మళ్ళీ ఆటో ఎక్కితే బడి. సాయంత్రం అంతా తిరగేసి ప్రయాణం. ఆమె ఇంటికి చేరేసరికి వాడు డ్యూటీలోనైనా ఉంటాడు, నిద్రలోనైనా ఉంటాడు. మూడో వారంలో రైలు దిగుతూ కళ్ళు తిరిగి ప్లాట్‌ఫాం మీదే కూలబడింది. ఎవరో తల్లి మంచినీళ్ళు పట్టిందట. ఆమె ఎవరో నాకు తెలియదు, రోజూ దీపం పెట్టేటప్పుడు ఆమె పేరున కూడా ఒక దణ్ణం పెడుతున్నాను.

అంతలో ఆషాఢం వచ్చింది. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. పెళ్ళయిన మొదటి ఆషాఢంలో అత్తాకోడళ్ళు ఒకే గడప దాటకూడదు, కొత్త దంపతులు ఒకే కప్పు కింద ఉండకూడదు అంటారు. సంధ్య పుట్టిల్లు పలాస. అక్కడికి వెళ్తే బడి మరీ దూరం. అందుకని పాయకరావుపేటలో తోటి టీచరమ్మ ఇంట్లో నెలరోజులకి సర్దుకుంది. పది రోజులు కంటినిండా నిద్రపోయాక ఫోన్ చేసి నెమ్మదిగా అంది.

“అత్తయ్యా, శ్రావణం వస్తే మళ్ళీ ఆ రైలే కదా. నావల్ల కాదు. ఈలోగా మధ్యలో ఎక్కడైనా ఇల్లు దొరికితే సరే. లేకపోతే ఉద్యోగం మానేస్తాను.”

“రాజు ఏమన్నాడమ్మా?”

“నీ ఇష్టం అన్నారు.”

వాడిని అడిగితే, “ఆవిడ ఇష్టవే నా ఇష్టవమ్మా” అన్నాడు. ఇద్దరూ మంచివాళ్ళే. ఎదుటివాళ్ళకి అడ్డు రాకూడదని ఇద్దరూ ‘నీ ఇష్టం’ అనుకుంటూ కూర్చున్నారు. ఆ రెండు ఇష్టాల మధ్య ఇల్లు మాత్రం లేదు. చాట ముందు కూర్చుని అక్షరాల కోసం ఆశపడ్డదాన్ని నేను. ఆ పిల్ల ఉద్యోగం మానేస్తుందంటే నాకు అన్నం సయించలేదు. రెండో శనివారం, ఆదివారం ఎటూ సెలవు, సోమవారం ఒక సీఎల్ పెట్టమన్నాను. నేను ఇటు నుంచి, ఆమె అటు నుంచి బయలుదేరేలా అనుకున్నాం. ఆషాఢం కాబట్టి ఏ ఇల్లు చూసినా ఒకరే లోపలికి వెళ్ళాలి. పెద్దదాన్ని కాబట్టి నేనే వెళ్తానన్నాను. అప్పుడు అది న్యాయంగానే తోచింది.

బెల్లం వీధిలో

మొదటి రోజు అనకాపల్లి. దువ్వాడ నుంచి ఎంతోసేపు పట్టలేదు. సంధ్య నాకంటే ముందే దిగి స్టేషను బయట నిలబడి ఉంది. రైలుకి గడప ఉందా లేదా అని దారంతా ఆలోచించాను. ఆ మాట చెబితే చాలా రోజులకి పకపకా నవ్వింది.

స్టేషను ఎదురుగా ఇడ్లీ తిన్నాం. ప్లేటు ముప్పై, మా గాజువాకలోనూ అంతే. కాని ఇక్కడ అల్లం చట్నీ మళ్ళీ మళ్ళీ అడిగినా ముఖం చిట్లించరు. ఆ తర్వాత బెల్లం టీ ఇచ్చారు. సీజను కాకపోయినా మార్కెట్టు వీధంతా బెల్లం వాసనే. గోడలకి కూడా తీపి పట్టిందేమో, చీమలు బారులు కట్టి నడుస్తున్నాయి. నూకాలమ్మ తల్లికి వీధిలోంచే దణ్ణం పెట్టుకుని ఇళ్ళ వేట మొదలుపెట్టాం.

మొదటి ఇల్లు మేడ మీద. తూర్పు ముఖం, దేవుడి గూడు ఈశాన్యంలో, వంటింట్లో గట్టు ఎత్తుగా ఉంది. అద్దె ఎనిమిదిన్నర వేలు. నాకు ఎంతో నచ్చింది. ఇంటాయన రిటైరైన పెద్దమనిషి, బాగా మాట్లాడాడు. అబ్బాయి షిఫ్టు డ్యూటీ అని చెప్పాక కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

“రాత్రి ఎన్నింటికి వత్తాడమ్మా?”

“ఒక్కోవారం పదకొండున్నర దాటుతుందండి.”

“అదే ఇబ్బంది. పదింటికి గేటు తాళం ఏసేత్తాం. ఆ తరవాత దేవుడొచ్చినా తియ్యం.”

దేవుడికే తియ్యని గేటు మా రాజుకి ఏం తీస్తాడు! నమస్కారం పెట్టి దిగిపోయాను. ఆయన తప్పేమీ లేదు. ఆయన నిద్ర ఆయనది.

రెండో ఇంట్లో తాళం గొడవ లేదు. గదులు పెద్దవి, నూతి నీళ్ళు తియ్యగా ఉన్నాయి. నేను లోపల నాలుగు మూలలూ తిరిగి, ఇంటావిడతో ముచ్చట్లాడి, గోడకి ఎక్కడెక్కడ మేకులున్నాయో కూడా చూసుకుని బయటికి వచ్చాను. సంధ్య ఎదుటి గోడకున్న చారెడు నీడలో చీర కొంగు నెత్తిన వేసుకుని నిలబడి ఉంది. ఇంటావిడ నా వెనకే వచ్చి, “ఆ గుంట ఎవులు? మీ కూడా వచ్చిన పనమ్మాయా?” అంది.

“మా కోడలండి. ఇంట్లో ఉండబోయేది ఆమే” అన్నాను.

“మరైతే ఎండలో నిలబెట్టీసేరేటమ్మా?” అంది ఆవిడ. ఆషాఢం సంగతి చెప్పాను. తల ఊపింది కాని, ఆ ఊపుడులో మెప్పు లేదు.

నడుస్తూ నేను సంధ్యకి ఇల్లు వర్ణించాను. ఎంత చెప్పినా ఆమె ఒకటే అడిగింది. “కిటికీలోంచి ఏం కనబడుతుంది అత్తయ్యా?” నేను కిటికీలు చూడలేదు. మేకులు చూశాను. “మీకు నచ్చితే సరే” అంది చివరికి. మళ్ళీ అదే ‘నీ ఇష్టం’. పైగా అనకాపల్లి నుంచి ఆమె బడికి దారి ఇంకా చాలానే ఉంది. ఏదీ తేల్చుకోకుండా దోసెడు నేరేడుపళ్ళు కొనుక్కుని ఎవరి రైలు వాళ్ళు ఎక్కాం.

ఆగని స్టేషను

రెండో రోజు నర్సీపట్నం రోడ్డు చూడాలి. పేరుకి నర్సీపట్నం రోడ్డు అంటారు కాని, నర్సీపట్నం ఊరు అక్కడికి చాలా దూరం. స్టేషను చుట్టూ చిన్న ఊరు. బడికి దగ్గర, అద్దెలు తక్కువ అని సంధ్య కనుక్కుంది.

మా ఆయన రాత్రే బండి టైము కాగితం మీద రాసి ఇచ్చారు. సరిగ్గా ఆ టైముకి దువ్వాడలో బండి వచ్చింది. ఎక్కేశాను. నేను ఎక్కాల్సిన పాసింజరు ఆలస్యమైందనీ, వచ్చింది వేరే ఎక్స్‌ప్రెస్సనీ అనకాపల్లి దాటాక గాని తెలియలేదు. ఏమీ చెయ్యలేక కిటికీ పట్టుకుని కూర్చున్నాను. ఇంతలో నర్సీపట్నం రోడ్డు వచ్చింది. ప్లాట్‌ఫాం మీద ఆకుపచ్చ చీరలో మా సంధ్య. నన్ను కిటికీలో చూసి చెయ్యి ఊపబోయింది. ఆ చెయ్యి పైకి లేచేలోగానే స్టేషను వెనక్కి వెళ్ళిపోయింది. ఆ ఊరు నేను చూసింది అంతమాత్రమే, ఒక చెయ్యీ, ఒక సిమెంటు బెంచీ.

“ఓలమ్మ! దిగాల్సిన ఊరు దాటిపోనాదేటి?” అంది ఎదురుగా కూర్చున్నామె. పేరు పోలమ్మ. పూడిమడక తీరం మనిషి. బుట్టనిండా ఎండుచేపలు, తుని సంతకి వెళుతోంది. నా కంగారు చూసి పక్కకి జరిగి, మంచినీళ్ళ సీసా నా చేతిలో పెట్టింది. చేపల బుట్ట తగలకుండా నేను చీర సర్దుకోవడం గమనించింది కాని ఏమీ అనుకోలేదు. నాకే సిగ్గేసి, సర్దుకున్న చీర వదిలేశాను.

కథంతా చెప్పాను. విని విని నవ్వింది.

“మా ఇంటాయన ఏట మీద, నాను బండి మీద. మా పెల్లయిన కాణ్ణించీ అంతే. ఆడు సముద్రం నుంచి వచ్చేయేలకి నాను సంతకి ఎల్లిపోతాను. అయినా నలుగురు పిల్లలు పుట్నారు, ఎలా పుట్నారో ఆ గంగమ్మకే తెల్సు!” చుట్టూ ఉన్నవాళ్ళు కూడా నవ్వేశారు. తర్వాత మామూలుగా అంది. “ఒక్కటి సెప్తాను ఇనుకో అమ్మా. ఊరు సూడకు, బండి సూడు. బండి ఆగని ఊరు ఎంత దగ్గిరైతే ఏటి లాభం? ఇప్పుడు నీ కల్ల ముందే దాటిపోనాది గదా!”

నేను ఇంతవరకూ కిలోమీటర్లే లెక్కపెడుతున్నాను. అటు ఇంత, ఇటు ఇంత, సరిగ్గా నడిమి ఏది అని. ఆ మాట వినాలనే ఆ దేవుడు నన్ను వేరే రైలెక్కించాడనుకున్నాను. తునిలో దిగేటప్పుడు పోలమ్మ బుట్ట నెత్తికి ఎత్తడానికి ఒక చెయ్యి వేశాను. పగలంతా ఆ వాసన నా చేతికి ఉంది. కడుక్కోవాలని పెద్దగా అనిపించలేదు.

సంధ్య తర్వాతి బండిలో వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. వెనక్కి వెళ్ళి ఇళ్ళు చూసే టైము లేదు. తాండవ ఏరు దాటి పాయకరావుపేట వెళ్ళాం. ఆమె ఉన్న ఇంటి గడప నేను దాటకూడదు కదా, పక్కింటివాళ్ళు నన్ను ఆ పూటకి ఉంచుకున్నారు. ముక్కూ మొహం తెలియని మనిషిని కొత్త దుప్పటి వేసి పడుకోబెట్టారు. పక్కింటి పిల్లలు గోరింటాకు రుబ్బుకుంటూ, వద్దంటున్నా నా వేళ్ళకీ పెట్టారు. మా ఇంట్లో ఆషాఢమని గోరింటాకు పెట్టుకునే ఓపిక ఎవరికీ లేకపోయి ఎన్నాళ్ళయిందో.

సంధ్య బడి

సోమవారం సీఎల్ పెట్టింది కాని, ప్రార్థన చేయించి మొదటి పీరియడు చెప్పి వెళ్ళమన్నారట హెడ్మాస్టరుగారు. నన్నూ రమ్మంది. ఆటోకి మనిషికి ఇరవై. చెరుకు తోటల మధ్య రెండు గదుల బడి. తోటి టీచరమ్మ, “రండమ్మా లోపలికి, బడికి ఆషాఢం లేదు” అని నవ్వింది. అయినా వరండాలోనే కూర్చున్నాను. నా బతుకులో బడి గడప ఎప్పుడూ దాటలేదు. ఆ రోజు ఎందుకో ధైర్యం చాల్లేదు.

రెండో తరగతి పిల్ల ఒకతి మంచినీళ్ళు తాగే వంకతో వచ్చి నన్ను పైనుంచి కిందికి చూసింది.

“నువ్వు మా టీచరమ్మకి అమ్మవా?”

“అత్తని.”

“అత్తవా!” రెండడుగులు వెనక్కి వేసింది. “మా టీచర్ని కొడతావేటి?”

“కొట్టనమ్మా.”

“తిడతావా?”

“తిట్టను కూడా తిట్టను.”

నమ్మకం కుదర్లేదు. “మా టీచరు మొన్న కుర్చీలోనే నిద్దరోయింది. మేవందరం గప్‌చిప్‌గా ఉండిపోనాం. నువ్వు పడుకోనివ్వట్లేదేమో అనుకున్నాం” అని చెప్పి లోపలికి పరిగెత్తింది.

లోపల్నుంచి సంధ్య గొంతు వినబడుతోంది. ఇంట్లో ఆమె గొంతు ఎప్పుడూ పల్చగా, అయిపోవచ్చిన నూనెలా ఉండేది. ఇక్కడ గది దాటి చెరుకు తోట దాకా వెళుతోంది. ఒక పిల్ల ‘క్ష’ దగ్గర ఆగిపోతే, ఆమె తిట్టలేదు, తొందరపెట్టలేదు. ఆ పిల్ల వేలు పట్టుకున్నట్టుంది, పలక మీద గీత గీసిన చప్పుడు, తర్వాత ఇద్దరి గొంతులూ కలిసి అదే అక్షరం. నా కళ్ళు చెమర్చాయి. ఈ పిల్ల ఈ ఉద్యోగం మానేస్తే నష్టం మా ఇంటి ఒక్కదానిది కాదు.

బండ్లు బాగా ఆగే యలమంచిలి చూద్దామని బస్సు ఎక్కాక సంధ్యతో అన్నాను. “అమ్మా, నేనొక పొరపాటు చేశాను. ఉండేదానివి నువ్వు. నిన్ను ఎండలో నిలబెట్టి ఇల్లు నేను చూశాను. ఈసారి నువ్వు లోపలికి వెళ్ళు, నేను బయట కూర్చుంటాను.”

“పెద్దవారు మీరు, బయట ఎలా...”

“ఆషాఢం ఎవరు బయట ఉండాలో చెప్పలేదు. ఇద్దరూ వెళ్ళకూడదనే చెప్పింది.”

 ఆమె నా గోరింటాకు వేళ్ళు తన చేతిలోకి తీసుకుని, “బాగా పండింది అత్తయ్యా” అంది.

యలమంచిలి

హైవే మీద బస్సు దిగి లోపలికి నడిచాం. పెద్ద ఊరూ కాదు, మరీ పల్లే కాదు. కూరగాయల బజారులో వంకాయలు మా విశాఖ పూర్ణా మార్కెట్టు కంటే చవక, పైగా ముల్లు గుచ్చుకునేంత తాజా. సంధ్య బడిలో ఒకరు చెప్పిన అడ్రసు పట్టుకుని సన్యాసమ్మ అనే ఆవిడ ఇంటికి వెళ్ళాం. పక్క వాటా ఖాళీగా ఉంది. రెండు గదులు, వంటిల్లు, వేరే గుమ్మం, వేరే గేటు. అద్దె ఆరు వేలు. సన్యాసమ్మ గట్టి మనిషి. భర్త పోయాక పాడి పెట్టుకుని ఇద్దరు కూతుళ్ళ పెళ్ళిళ్ళు చేసింది.

సంధ్య లోపలికి వెళ్ళింది. నేను అరుగు మీద కూర్చున్నాను. సన్యాసమ్మ అటూ ఇటూ చూసి, “ఏటమ్మా, మీరు సూడరా?” అంది.

“ఆషాఢం కదండి.”

“ఆషాడవైతే కోడలు బయట కూకోవాల గాని అత్తెందుకు కూకుంది? మా అత్త ఇది సూత్తే మల్లీ బతికొచ్చి తిట్టును!” అంటూనే నాకు పీట వేసి మజ్జిగ తెచ్చింది. చెప్పాల్సింది ముందే చెప్పేసింది. “సాయంత్రం బ్యాంకులో పని సేసే ఆయన సూడ్డానికి వత్తానన్నాడు. ముందు మాటిచ్చినోలికే ఇత్తాను. బేగి తేల్సుకోండి.”

సంధ్య ఎంతకీ రాదు. తలుపులు తీసిన చప్పుడు, కుళాయి తిప్పిన చప్పుడు, కిటికీ రెక్క తోసిన చప్పుడు. బయటికి వచ్చాక ముఖం వెలుగుతోంది. “అత్తయ్యా, వెనక కిటికీలోంచి రైలు పట్టాలు కనబడుతున్నాయి. బండి ఇటు వస్తుంటే చూసి బయలుదేరొచ్చు” అంది. అంతలోనే ఆ వెలుగు తగ్గింది. “నాకు బాగుంది. పొద్దున్న పాసింజరు ఉంది. కాని ఆయనకి? ఇక్కడి నుంచి ఆరింటి షిఫ్టుకి ఏ బండి ఉంది? అడిగితే నీ ఇష్టం అంటారు. ఆయన్ని రాత్రీ పగలూ బైకు మీద హైవేలో తిప్పి నేను సుఖంగా ఉండలేను. వద్దులెండి.”

ఆమె చెప్పిందీ నిజమే. అద్దె బాగుంది, మనిషి బాగుంది, కిటికీ బాగుంది, మా వాడికి దారి లేదు. అరుగు మీద అలాగే కూర్చుని అప్పన్నని తలుచుకున్నాను. ఇది ఇప్పించమని అడగలేదు. ఏది మంచిదో కనబడేలా చెయ్యి తండ్రీ అన్నాను.

పన్నెండున్నర అవుతుండగా వీధి చివర ఒక వ్యాను వచ్చి ఆగింది. హారను కొట్టలేదు. నాలుగిళ్ళ తలుపులు వాటంతటవే తెరుచుకున్నట్టు మగవాళ్ళు బయటికి వచ్చారు. చేతిలో క్యారేజీ, చంకలో హెల్మెట్టు, కాళ్ళకి ఆ బరువైన బూట్లు. ఆ బూట్లు నాకు తెలియకపోవడమేమిటి! రోజూ మా గుమ్మంలో విడిచేవే. చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తాను.

“బాబూ, ఈ బండి ఎక్కడికెళ్తుంది?”

“స్టీల్ ప్లాంటుకమ్మా. రెండింటి బి షిఫ్టు” అన్నాడు డ్రైవరు.

“మిగతా షిఫ్టులకి?”

“మూడింటికీ ఉంటాది. నెలకింతని అందరం ఏసుకుని పెట్టుకున్నాం. ఎవులికమ్మా?”

మా అబ్బాయి పేరు, పని చేసే చోటు చెప్పాను. వెనక సీట్లోంచి ఒక కుర్రవాడు తల బయటపెట్టాడు. “అప్పలరాజు బావా? క్రేను? అమ్మా, రెండింటికి ఆడ్ని క్రేను మీంచి దింపేది నానే! నా పేరు రమణ.”

 సంధ్య నా వెనకే వచ్చి నిలబడింది. ఆమెను చూపించి విషయం చెప్పాను. క్రేను మీద ఉన్నంతసేపూ వాడి దగ్గర ఫోను ఉండదు. సాయంత్రంలోగా వాడు వచ్చి చూస్తే గాని ఈ పిల్ల ఒప్పుకోదు.

“అదెంత పనమ్మా! ఆడ్ని దింపి, ఇదే బండిలో ఎక్కించేమని డ్యూటీ దిగే ఎ షిఫ్టోలకి సెప్తాను. మూడున్నరకి మీ ముందుంటాడు” అన్నాడు రమణ. వ్యాను కదిలింది. ఆ దుమ్ములోనే చేతులు జోడించాను.

మూడు గంటలు గడపాలి. సన్యాసమ్మ అన్నానికి లేవమంది. ఆమె ఇంటికీ గడప ఉంది కాబట్టి, సంధ్యకి లోపల, నాకు అరుగు మీద విస్తరి వేసింది. ఆషాఢంలో తినాల్సిన కూరే చేసింది, మునగాకు, తెలగపిండి. లోపలికీ బయటికీ తిరగలేక, “ఓలమ్మ, మీ ఇద్దరికీ వడ్డించేసరికి నాకు ఆషాడం వచ్చీసినాది” అని తిట్టుకుంది. లోపల్నుంచి సంధ్య, “అత్తయ్యా, ఇంకొంచెం కూర వేయించుకోండి, మొహమాటపడకండి” అని కేకేసింది. ఆషాఢం వచ్చిన తర్వాత మేమిద్దరం కలిసి తిన్న మొదటి భోజనం అది, మధ్యలో ఒక గోడ ఉన్నా.

మూడున్నర దాటి పది నిమిషాలకి వ్యాను వచ్చింది. బూడిద రంగు యూనిఫాంలో, నూనె మరకలతో మా రాజు దిగాడు. ఒళ్ళంతా అలసటే కాని, ముఖంలో చిన్నపిల్లవాడి ఆశ్చర్యం.

“దారంతా నిద్దరోయేనమ్మా. కల్లు తెరిస్తే యలమంచిలి. బైకు మీద గాజువాక ట్రాఫిక్కులో వచ్చినా ఇంత సుఖం లేదు.”

“రమణ ఈ ఊరివాడని ఎప్పుడూ చెప్పలేదేరా?”

“నాకే తెల్దమ్మా. నిచ్చెన దగ్గిర అర నిమిషం కలుత్తాం. ‘జాగ్రత్త బావా’ అంటాడు, ఎక్కిపోతాడు. ఏడాదిన్నర నుంచి అంతే. ఏ ఊరని ఎప్పుడడిగేను?”

సంధ్య వాడినే చూస్తోంది. “మనమూ అంతే కదా” అంది నెమ్మదిగా. దెప్పినట్టు లేదు. వాడు హెల్మెట్టు ఒక చేతిలోంచి ఇంకో చేతికి మార్చుకున్నాడు.

“ఇల్లు నీకు నచ్చిందా?” అన్నాడు.

“ముందు మీరు చూడండి. చూశాక నీ ఇష్టం అంటే మాత్రం ఊరుకోను.”

“అనను. నిజంగా సెప్తాను.”

సంధ్య సన్యాసమ్మ వైపు తిరిగింది. “అమ్మా, ఈ ఇంటి డోర్ నంబరు ఎంతండీ? బడిలో నా అడ్రసు మార్పించుకోవాలి.” ఆ మాట విన్నాక నేను అరుగు మీద వెనక్కి ఆనుకున్నాను. మూడు రోజుల బరువు వీపు మీంచి దిగింది. పాలు మాత్రం శ్రావణం మొదటి శుక్రవారమే పొంగిస్తాం, ఈలోగా తాళం మాకిచ్చెయ్యమన్నాను. సన్యాసమ్మ సరేనంది.

రాజు బూట్లు విప్పి లోపలికి వెళ్ళాడు. వంటిల్లు చూపిస్తానని సంధ్య వాడి వెనకే వెళ్ళింది. వెళ్ళాక గుర్తొచ్చింది నాకు, ఆషాఢంలో ఒకే కప్పు కింద ఉండకూడనిది మేమిద్దరమే కాదని. పిలవాలా అనుకున్నాను. నా నియమాలు నేనెప్పుడూ తప్పలేదు, ఎవరినీ తప్పించలేదు. లోపల కిటికీ రెక్క తెరుచుకుంది. రైలు పట్టాల మాటేదో చెబుతోంది సంధ్య. వాడు ఏదో అన్నాడు. ఆమె నవ్వింది, గది దాటి వినబడేంతగా. తర్వాత మాటలు తగ్గి గొంతులు చిన్నవయ్యాయి. నేను పీట జరుపుకుని వీధి వైపు తిరిగి కూర్చున్నాను.

కాసేపయ్యాక సన్యాసమ్మ పశువులకి కుడితి పెట్టి వచ్చి, తలుపు వైపు చూసింది.

“రెండు గదులు సూడ్డానికి ఇంతసేపేటమ్మా?”

“చూసుకోనివ్వండి” అన్నాను. “మళ్ళీ మళ్ళీ మారలేరు కదా.”